నేను తప్పించుకున్న షుగరు పరీక్ష

మా బడిలో ఈ ఏడు కొత్తగా చేరిన టీచరు కడుపుతో ఉంది, ఇప్పుడు మూడో నెల. మొన్న భోజనాల వేళ నన్ను పక్కకు పిలిచి, "అక్కా, గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలు కూర్చోబెడతారంట గదా, అది చేయించుకోకపోతే ఏమన్నా అవుద్దా? నాకు ఇంకా వాంతులు తగ్గలా" అని అడిగింది. చేయించుకో అని ఒక్క మాట చెప్పి, గంట కొట్టేసరికి క్లాసుకు వెళ్ళిపోయాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ పరీక్షను నేను ఎలా తప్పించుకున్నానో చెప్పకుండా, చేయించుకో అని మాత్రం చెప్పడం సగం నిజమే అవుతుంది. మిగతా సగం నిలబడి చెప్పగలిగేది కాదు. అందుకే రాస్తున్నాను. నా కూతురికి ఇప్పుడు పది నెలలు. నేను రాస్తుంటే పక్కన కూర్చుని నా కలం మూత నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది. భయపడిన రోజుల గురించి రాయడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

మూడో నెల

మాది ముత్తుకూరు. మా ఆయన పెంచలయ్య కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటుకు ఉద్యోగులను చేరవేసే బస్సు నడుపుతాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త మస్తానమ్మ. నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెబుతాను. పెళ్ళయిన నాలుగేళ్ళకు నెల తప్పింది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మనిషిని సన్నగా ఉంటాను. షుగరు అంటే లావుగా ఉండేవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు వచ్చేదని నా లెక్క.

పేరు రాయించుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రికి సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. గర్భిణులను చూసుకునే కరుణ సిస్టరు గ్లాసెడు నీళ్ళలో గ్లూకోజు కలిపి, కాస్త నిమ్మరసం పిండి ఇచ్చింది. మెల్లగా తాగి, రెండు గంటలు ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చోమంది. వరండాలో బల్ల మీద మేం ఆరుగురం. అప్పటికి నాకు అన్నం ఉడికే వాసన కూడా పడేది కాదు. పావుగంట గడిచిందో లేదో, లేచి గోడ పక్కకు వెళ్ళేలోపే అందరి ముందూ వాంతి చేసుకున్నాను. చీర పాడైంది. నా పక్కన కూర్చున్న ఆమె నిండు నెలల మనిషి, కడుపు పట్టుకుని లేచి వెళ్ళి కుళాయి దగ్గర బకెట్టుతో నీళ్ళు పట్టుకొచ్చి నేల మీద పోసింది. "నాకూ ఇట్నే అయింది మొదటిసారి. రెండోసారి నిలబడింది" అని నవ్వింది. ఆమె పేరైనా అడగలేదు నేను. సిగ్గుతో తల ఎత్తలేదు.

"ఇంత తొందరగా వాంతయితే లెక్కకు రాదమ్మా. రేపు మళ్ళీ రా" అన్నది సిస్టరు.

మరునాడు బడిలో పరీక్షలు. అప్పటికే సెలవు అడిగితే హెడ్‌మాస్టరు మొహం చిట్లించుకున్నాడు. కానీ నిజం చెప్పాలంటే అది సాకే. ఆ తియ్యటి నీళ్ళ వాసన తలుచుకుంటేనే కడుపులో తిప్పేది. సాయంత్రం అత్త అడిగితే, "పరీక్షలన్నీ చేసినారు, అంతా బాగుందన్నారు" అని చెప్పాను. మా ఆయనకూ అదే మాట. సిస్టరు రెండుసార్లు ఫోను చేసింది. ఆమెకు మాత్రం, "నెల్లూరులో బయట చేయించుకున్నాను సిస్టర్" అన్నాను. అబద్ధం చెబుతున్నానని తెలుసు. కానీ అది ఎవరికీ నష్టం చేయని అబద్ధమని అనుకున్నాను.

ఆరో నెల

వాంతులు పోయాయి. ఆకలి మొదలైంది. ఎంత తాగినా దాహం తీరేది కాదు, మాటిమాటికీ ఒంటికి పోవాల్సి వచ్చేది. అదంతా మామూలేనని సరిపెట్టుకున్నాను. ఒక ఆదివారం ఉదయం కరుణ సిస్టరు మా ఇంటికే వచ్చింది. అత్త వసారాలో చేపలు కడుగుతోంది.

"సుభాషిణీ, నెల్లూరులో చేయించుకున్నావే, ఆ షుగరు కాగితం ఒకసారి చూపించు. నీ కార్డులో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది" అన్నది.

అత్త చెయ్యి ఆగింది. "నెల్లూరులోనా? మీ ఆసుపత్రిలోనే చేసినారు, బాగుందన్నారు అని చెప్పిందే ఈ పిల్ల."

ఇద్దరికీ చెప్పిన రెండు అబద్ధాలు మా గుమ్మంలో ఎదురుపడ్డాయి. సిస్టరు నన్ను చూసింది. అత్త నన్ను చూసింది. నేను నేల చూశాను. నన్ను తిట్టినా బాగుండేది. అత్త చేతులు కడుక్కుని వచ్చి, "రేపు నేను తీసకొస్తానమ్మా. బడి లేదు, ఏం లేదు" అని సిస్టరుతో చెప్పింది. ఆమె వెళ్ళాక నా వైపు తిరిగి, "నా కొడుక్కు చెప్పేది నువ్వే చెప్పుకో. నేను చెప్పను" అన్నది. అంతే. మళ్ళీ చేపల దగ్గర కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఆయనకు చెప్పాను. "బడిలో సెలవు ఇయ్యరనా?" అని ఒక్కటే అడిగాడు. కాదు, వాంతి అవుతుందని భయపడ్డాను, సిగ్గుపడ్డాను అని చెప్పాను. "నాకు చెప్పుంటే పక్కన కూర్చోనుండేవాడ్ని గదా సుభా" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చినంతగా, తర్వాత రిపోర్టు చూసి కూడా ఏడవలేదు.

మరునాడు ఆ నీళ్ళు కడుపులో నిలబడ్డాయి. అత్త నా పక్కన రెండు గంటలూ కదలకుండా కూర్చుంది. ఉండవలసిన దానికంటే షుగరు చాలా ఎక్కువగా ఉందని తేలింది. కరుణ సిస్టరు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి చెప్పింది. నేను అడిగింది ఒక్కటే: "నేను ముందే వచ్చుంటే?"

"ముందే తెలిసేదేమో, తెలిసేది కాదేమో. కొంతమందికి మొదట బాగానే ఉండి ఇప్పుడు బయటపడుతుంది. దాన్ని తవ్వుకోవద్దు. ఇంకా మూడు నెలలకు పైనే ఉంది మన చేతిలో. చాలామంది బిడ్డలు బాగా పుడతారు. కానీ నువ్వు నాకు అబద్ధం చెప్పకూడదు, తిన్నది తిన్నట్టు చెప్పాలి."

చెబుతానని మాట ఇచ్చాను.

ఏడో నెల

మా పుట్టింటివాళ్ళు నెల్లూరుకు పడమర వైపు వరి పండించే రైతులు. అన్నం కొలిచి పెట్టడం మా ఇంట్లో నేనెన్నడూ చూడలేదు. ఇప్పుడు అత్త చిన్న గిన్నెతో కొలిచి పెట్టేది. గిన్నెడు అన్నం, దానికి రెండింతల ఆకుకూర, ఒక చేప ముక్క. మూడు గంటలకోసారి కొంచెం. మా మామకు షుగరు ఉండేది. ఆయన పోయేదాకా పదేళ్ళు ఆమే వండిపెట్టి, ఆమే సూది వేసింది. అందుకే ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగి, నన్ను బడి మైదానం చుట్టూ నడిపించేవాడు. మా పిల్లలు ఆడుకుంటూ, "టీచర్, మీరు ఎందుకు గుండ్రంగా తిరుగుతుండారు?" అని అడిగేవాళ్ళు.

గాజులు తొడిగే వేడుకకు మా అమ్మ కామాక్షమ్మ వచ్చింది. తొమ్మిది రకాల పిండివంటలు, డబ్బాల నిండా సున్నుండలు, బూరెలు. నా గిన్నె చూసి నిర్ఘాంతపోయింది.

"కడుపుతో ఉండే పిల్లకు ఇంతేనా పెట్టేది వదినా? ఇద్దరు మనుషుల తిండి తినాల్సింది."

"డాక్టర్లు చెప్పినట్టు పెడతుండాను వదినా" అన్నది అత్త.

"మా వంశంలో ఎవరికీ షుగరు లేదు. నా పిల్లకు యాడ నుంచి వచ్చింది? ఈ ఇంటికొచ్చినాకే గదా."

అత్త లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా వాళ్ళిద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. అమ్మ కళ్ళలో నీళ్ళు చూడలేక, ఆమె చేత్తో పెట్టిన సున్నుండలు రెండు తిన్నాను. మధ్యాహ్నం బూరె తిన్నాను. రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో రక్తం తీసినప్పుడు మాట ప్రకారం తిన్నవన్నీ చెప్పాను. సిస్టరు కోప్పడలేదు. "ఆ రెండు ఉండలతో వచ్చింది కాదు ఇది. రెండు వారాల నుంచీ తిండి ఒక్కదానితో తగ్గడం లేదు. నెల్లూరులో పెద్ద డాక్టరుకు చూపిద్దాం" అని చీటీ రాసిచ్చింది.

నెల్లూరులో డాక్టరమ్మ ఇన్సులిన్ మొదలుపెట్టింది. ఇక జీవితాంతం సూదులేనా అనుకున్నాను. ఇంటికి వచ్చాక సూది చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను. అత్త వచ్చి తీసుకుంది. "కళ్ళు మూసుకోమాక. చూస్తా ఉంటే తక్కువ నొప్పి పుడతది" అన్నది. నిజమే. చీమ కుట్టినంత. అయిదో రోజుకు నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. ఆమె తలుపు దగ్గర నిలబడి చూసి వంటింట్లోకి వెళ్ళేది.

ఎనిమిదో నెల

స్కానింగుకు నెల్లూరు వెళ్ళిన రోజు అమ్మ ఊరి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చింది. ఆయనకు డ్యూటీ. నాకు ఒక పక్క అమ్మ, ఒక పక్క అత్త. ఇద్దరి మధ్యా ఇంకా మాటల్లేవు. ఆ హాల్లో కూర్చోవడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది. ఎదురుగా ఉన్న ఆడవాళ్ళందరి కడుపులతో నా కడుపును పోల్చుకునేదాన్ని. ఎవరైనా ఏడుస్తూ బయటికి వస్తే నా వంతు కూడా అంతేనేమో అనిపించేది.

డాక్టరమ్మ స్కాన్ చూసి, "బిడ్డ కొంచెం పెద్దదిగా పెరుగుతోంది. షుగరు వల్ల అలా అవుతుంది. మందు కాస్త పెంచుతాను, వారం వారం చూద్దాం. పుట్టాక కూడా మొదటి రెండు రోజులు బిడ్డను జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటాం" అన్నది.

బయటికి వచ్చి కూర్చున్నాం. అమ్మ మొహంలో రక్తం లేదు. నా గురించి భయపడుతోందనుకుని, "ఏం కాదులేమ్మా" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"పెద్దగా పుడితే ఏమన్నా అవుద్దంటనా?" అని అత్తను అడిగింది. వారాల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది.

"చూసుకుంటామని చెప్తుండారు గదా వదినా. ఎందుకట్టా అయిపోయినావు?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "దీనికంటే ముందు నాకొకడు పుట్టినాడు. మగబిడ్డ. ఇంట్లోనే పుట్టినాడు. మంత్రసాని చేతుల్లోకి తీసుకొని, ఏందే ఇది, నాలుగు నెలల పిలకాయ మాదిరుండాడే అనింది. అంత పెద్దోడు. ఊరంతా వచ్చి చూసినారు. మరసటి దినం పొద్దునకే ఒళ్ళు చల్లబడి, చేతులు కాళ్ళు అదిరినాయి. పాలు తాగలా. సాయంత్రానికి పొయినాడు."

నాకు అన్న ఉండేవాడని ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నా తర్వాత తమ్ముడు పుట్టాడు. ఇల్లంటే మేమిద్దరమేనని అనుకుంటూ పెరిగాను.

"దిష్టి తగిలిందన్నారా?" అని అత్త మెల్లగా అడిగింది.

"కొంతమంది అట్టా అన్నారు. మా అత్త మాత్రం, తొమ్మిదో నెల దాకా నాట్లలో నీళ్ళలో నిలబడినావు, బిడ్డకు చలి ఎక్కింది, నువ్వే చంపుకున్నావు అనింది. పనికి పొమ్మనింది కూడా ఆమే." అమ్మ ఆగింది. "నేను కూడా అదే అనుకున్నా. ఇప్పటికీ నాట్లప్పుడు మడిలో దిగాలంటే నా వల్ల కాదు. కూలోళ్ళకు అన్నాలు మోస్తానే గాని."

అత్త లేచి, నన్ను దాటుకుని వెళ్ళి, అమ్మ పక్కన కూర్చుంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి ఇచ్చింది. "తాగు వదినా" అన్నది. వాళ్ళిద్దరూ నా పెళ్ళి నాడు కూడా అంత దగ్గరగా కూర్చోలేదు.

ఆనాడు అమ్మ ఊరికి పోలేదు. మాతోనే ముత్తుకూరు వచ్చింది. మొదటి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్ళాలని పట్టుబట్టిన మనిషి, "యాడైతే చూసుకుంటారో ఆడే ఉండనీ" అన్నది. అప్పటి నుంచి ఆ చిన్న గిన్నె అమ్మ చేతిలోకి వచ్చింది. ఒక మెతుకు ఎక్కువ అడిగినా పెట్టేది కాదు.

కాన్పు

చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే నెల్లూరులో చేరాను. ఆపరేషను చేశారు. ఏడుపు వినిపించింది. ఆడపిల్ల అన్నారు. మూడు కిలోల ఎనిమిది వందలు. "పెద్ద పాపే" అని నర్సు నవ్వుతూ అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు.

గంటలోపే పాప నోటిని నా రొమ్ముకు అందించారు. చిన్న మడమ మీద గుచ్చి చుక్క రక్తం తీశారు. షుగరు కొంచెం తక్కువగా ఉందన్నారు. మళ్ళీ పాలు పట్టించమన్నారు, ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టమన్నారు, మళ్ళీ గుచ్చి చూశారు. గుచ్చిన ప్రతిసారీ పాప ఏడ్చేది, నేను గోడ వైపు తిరిగేదాన్ని. అమ్మ మాత్రం మంచం పక్కనే నిలబడి ప్రతిసారీ చూసింది. నర్సు ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో అడిగింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది: కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి నుంచి తీపి ఎక్కువగా అందుతుంది, పుట్టగానే అది ఆగిపోతుంది, అందుకే కొంతమంది బిడ్డలకు షుగరు పడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, అదురుతుంది, చూసుకుంటే సర్దుకుంటుంది.

"ఒళ్ళు చల్లబడి అదురుతాది" అని అమ్మ ఆ మాటల్ని తనలో తను అనుకుంది.

మూడోసారి చూసినప్పుడు పెరిగింది. మరునాటికి నిలబడింది. రెండో రోజు సాయంత్రం పిల్లల డాక్టరు ఇక గుచ్చనక్కర్లేదని చెప్పి వెళ్ళాడు. మా ఆయన పాపను తీసుకుని కిటికీ దగ్గర నిలబడి, మడమ మీద ఉన్న ఎర్రటి చుక్కల్ని బొటనవేలితో నిమురుతూ ఉన్నాడు.

ఆ తర్వాత

కాన్పయ్యాక ఇన్సులిన్ ఆపేశారు. ఆరు వారాలకు ఆ గ్లూకోజు నీళ్ళ పరీక్ష మళ్ళీ చేయించుకోవాలన్నారు. ఈసారి తప్పించుకోవాలన్న ఆలోచన రాలేదు.

మా కొత్త టీచరుకు ఇదంతా చూపిస్తాను. వాంతి అయితే అవుతుంది, ఎవరో ఒకరు నీళ్ళు తెచ్చి పోస్తారు, మరునాడు మళ్ళీ వెళ్ళొచ్చు. తెలిశాక చేయగలిగినవి చాలా ఉన్నాయి. నాకు ఆ నెలలు కష్టంగా గడిచాయి కానీ చీకట్లో గడవలేదు. తెలియకుండా గడిపిన మూడు నెలలను తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆసుపత్రిలో ఏం చెప్పినా ఇంట్లోవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పమని కూడా చెబుతాను.

ఆరు వారాల పరీక్షకు అమ్మ పాపను ఎత్తుకుని నాతో వచ్చింది. అదే వరండా, అదే బల్ల. రెండు గంటల తర్వాత నాది మామూలుగా ఉందని కరుణ సిస్టరు చెప్పింది. ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండమంది, ముందు ముందు వచ్చే అవకాశం ఉందని, నడక మానొద్దని చెప్పింది. లేవబోతుంటే అమ్మ, "నాక్కూడా చూడమ్మా" అని చెయ్యి చాపింది. మా వంశంలో ఎవరికీ లేదన్న మనిషికి, చూస్తే ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికి తెలుసు. మాత్రలతో అదుపులో ఉంటుంది, భయపడవద్దని సిస్టరు అన్నది. అమ్మకు ఆ సంగతి పట్టినట్టు లేదు. ఆమె అడగదలుచుకున్నది వేరే.

"నాట్లలో నీళ్ళలో నిలబడితే కడుపులో బిడ్డకు చలి ఎక్కుద్దా అమ్మా?" అని అడిగి, ఆ బిడ్డ సంగతంతా చెప్పింది.

సిస్టరు కలం కింద పెట్టి విన్నది. "నీళ్ళలో నిలబడితే బిడ్డ పోడమ్మా. ఆ రోజుల్లో ఎవరూ పరీక్ష చేయలేదు కాబట్టి అది షుగరేనని నేను ఇప్పుడు గట్టిగా చెప్పలేను. మీరు చెప్పేదాన్ని బట్టి చూస్తే అదే అయ్యుండొచ్చు. ఏదైనా మీ తప్పు మాత్రం కాదు."

అమ్మ తల ఊపింది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. సిస్టరు కొత్త కార్డు తీసి అమ్మ పేరు, ఊరు, వయసు రాసింది. "పిల్లలు ఎంతమందమ్మా?" అని అడిగింది.

రేషను కార్డుకైనా, బ్యాంకులోనైనా, పెళ్ళిళ్ళలో ఎవరడిగినా, మా అమ్మ చెప్పే జవాబు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇద్దరు. నేను చెప్పబోయాను కూడా.

"ముగ్గురు" అన్నది అమ్మ. "పెద్దోడు పొయినాడు. రాసుకో తల్లీ."